గోల్‌మురి: రెండేళ్ల చదువుకు ఉపకార వేతనం ఏ రాష్ట్రానిది?

జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురిలో పదో తరగతి తర్వాత ఇంటర్‌లోనో, రెండేళ్ల ఐటీఐ కోర్సులోనో చేరే పేద ఎస్సీ విద్యార్థికి ప్రధాన ఆధారం కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం. 1944లో మొదలైన ఈ పథకాన్ని 2020 డిసెంబరులో సవరించారు. వ్యయంలో 60 శాతం కేంద్రం, 40 శాతం జార్ఖండ్ వంటి రాష్ట్రాలు భరిస్తాయి. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు మించరాదు.

తప్పనిసరి రుసుములకు అదనంగా విద్యా భత్యం లభిస్తుంది. పదో తరగతి అర్హతతో చేరే ఇలాంటి డిగ్రీయేతర కోర్సులు అట్టడుగున, నాలుగో వర్గంలో ఉన్నాయి. వసతిగృహంలో ఉంటే ఏడాదికి రూ.4,000, ఇంటి నుంచి వెళ్లివస్తే రూ.2,500. అంటే నెలకు సుమారు రూ.208; రాకపోకల ఖర్చుకే ఇది స్వల్పం. మొదటి వర్గంలోని వృత్తివిద్యా కోర్సులకు ఇవి రూ.13,500, రూ.7,000.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు కుల ధ్రువపత్రం. ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో దానంతట అదే వర్తించదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సీల విషయంలో, రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన 1950 ఆగస్టు 10 నాటికి కుటుంబ శాశ్వత నివాసం ఎక్కడ ఉందన్నది కీలకం. ఆ తర్వాత ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లినవారి పిల్లలు గోల్‌మురిలోనే పుట్టి పెరిగినా, ఉపకార వేతనానికి సొంత రాష్ట్రాన్నే ఆశ్రయించాలి.