బల్ల, సత్ప్రసాదం

తిరుపతిలో ప్రసాదం అనగానే లడ్డూ గుర్తుకొస్తుంది. అదే ఊళ్ళో కథోలికులు పూజలో అందుకునే అప్పాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు. సంస్కృతంలో ప్రసాదమంటే మొదట తేటదనం, ప్రసన్నత, ఆపైన అనుగ్రహం, ఆ తర్వాతే చేతిలో పెట్టే పదార్థం. పరదేశపు ఆచారానికి మన నేల మీద ఇంతకన్నా మంచి మాట దొరకదని నా నమ్మకం.

1853లో మొదలైన ఆర్కాట్ మిషన్ పనిచేసిన చిత్తూరు, మదనపల్లె వైపు ప్రొటెస్టెంట్ల మాట వేరు. 'బల్ల తీసుకున్నావామ్మా?' అంటే చెక్కసామాను గురించి కాదు, ప్రభువు భోజనపు బల్ల దగ్గర పాలు పొందావా అని. కలిసి తినడమే అందులోని అసలు అర్థం.

ఈ భోజనపు మూలం యూదుల పస్కా పండుగలో ఉంది. హీబ్రూ 'పెసహ్' గ్రీకులో 'పస్కా' అయి, అలాగే తెలుగు బైబిలుకెక్కింది. దాటిపోవడమని దానికి చెప్పే అర్థం. ఐగుప్తు దాస్యం వదిలే రాత్రి ఇశ్రాయేలీయులు గొర్రెపిల్ల రక్తం గుమ్మాలకు పూసి, మాంసాన్ని పొంగని రొట్టెతో, చేదు కూరలతో తిన్నారు. పిండి పులిసే వ్యవధి కూడా లేని ప్రయాణమది. పస్కా భోజనంలోనే యేసు రొట్టె విరిచి, ఇది నా శరీరమన్నాడని మొదటి మూడు సువార్తలు చెబుతాయి.

మన కథోలిక గుళ్ళలో ఇచ్చే అప్పంలో నేటికీ గోధుమపిండి, నీళ్ళే. పులిసిన పిండి కలపరు.