కొట్టిన చేతినే వెతుక్కునే శిశువు: ఒక ఆలోచన చరిత్ర

శిశువు మీద చేయి చేసుకునేది ఇంటివారే అయినప్పుడు సమాజం ఏం చేయాలన్న ప్రశ్నకు అమెరికాలో చాలాకాలం వినిపించిన జవాబు ఒక్కటే: బిడ్డను ఆ ఇంటి నుంచి తప్పించాలి. ఈ జవాబు తప్పు కాదు గాని, సగమే. గాయం తగిలిన బంధంలోనే దాన్ని మాన్పే వీలు కూడా ఉందన్న మిగతా సగం తెలిసి రావడానికి మరో వందేళ్లు పట్టింది.

చట్టం ఇంటి గడప దాటిన తొలి ఘట్టంగా 1874 నాటి మేరీ ఎలెన్ విల్సన్ కేసును చెబుతారు. న్యూయార్క్‌లో పెంపుడు తల్లి చేతిలో కొరడా దెబ్బలు, ముఖం మీద కత్తెర గాటు తిన్న ఆ బాలిక తరఫున కదిలినవాడు జంతుహింస నివారణ సంఘం స్థాపకుడు హెన్రీ బెర్గ్ కావడంతో, ఆమెను జంతువుల చట్టం కింద కాపాడారన్న కథ పుట్టి నేటికీ చలామణిలో ఉంది. నిజానికి ఆయన న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెరీ ఆశ్రయించింది మనుషుల కోసం ఉన్న న్యాయప్రక్రియనే. పెంపుడు తల్లికి ఏడాది జైలుశిక్ష పడింది, పిల్లలపై క్రూరత్వాన్ని నివారించేందుకు ప్రత్యేక సంఘం వెలిసింది. వైద్యులు మాత్రం చాలా ఆలస్యంగా మేల్కొన్నారు. 1962లో డెన్వర్‌కు చెందిన హెన్రీ కెంప్, ఆయన సహచరులు ‘బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్’ పేరిట, అంటే పెద్దలు కొట్టడం వల్ల శిశువులో కనిపించే గాయాల సముదాయం పేరిట, వ్యాసం ప్రచురించాకే విరిగిన చిన్న ఎముకల వెనుక ఎవరున్నారన్నది ఆసుపత్రులు అడగడం మొదలుపెట్టాయి.

ఈలోగా ఇంగ్లండులో జాన్ బౌల్బీ మరో వైపు నుంచి ఆలోచిస్తున్నాడు. తల్లికి దూరమైన పిల్లల స్థితిపై 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో, మంచి అనాథాశ్రమం కంటే లోపాలున్న ఇల్లే పిల్లలకు మేలు చేయవచ్చని ఆయన వాదించాడు. మాట అతిగా తోచినా, వేరు చేయడం కూడా ఒక గాయమేనన్న సంగతి అప్పటి నుంచి మరుగునపడలేదు. ఆపద వేళ శిశువు ఒక నిర్దిష్ట వ్యక్తిని ఆశ్రయించే సహజ ధోరణిని అనుబంధం అన్నారు. మేరీ ఐన్స్‌వర్త్ దాన్ని ఇరవై నిమిషాల పరీక్షగా మలిచి, తల్లి కాసేపు గది విడిచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు ఏడాది బిడ్డ ఏం చేస్తాడో గమనించి, ఆ తీరును బట్టి పిల్లలను వర్గాలుగా విభజించింది.

హింసకు గురైన పిల్లలు చాలామంది ఆ పరీక్షలోని ఏ వర్గంలోనూ ఇమడలేదు. కొందరు తల్లి వైపు నడుస్తూ నడుస్తూ మధ్యలోనే కొయ్యబారిపోయారు. కొందరు ముఖం పక్కకు తిప్పుకుని దగ్గరికి వచ్చారు. 1980లలో మేరీ మెయిన్, జూడిత్ సాలమన్ దీనిని అవ్యవస్థిత అనుబంధం అన్నారు: భయపెట్టేదీ, భయం వేస్తే పరుగెత్తి చేరవలసిందీ ఒకే మనిషి అయినప్పుడు శిశువుకు దారి తోచదు. దీని నీడ ఇల్లు దాటి కూడా పడుతుంది. మెయిన్, కరోల్ జార్జ్ 1985లో ప్రచురించిన పరిశీలనలో, శిశుసంరక్షణ కేంద్రంలో తోటి పిల్లవాడు ఏడిస్తే మామూలు పిల్లలు జాలో ఆసక్తో చూపగా, దెబ్బలు తిన్న పసివాళ్లు భయంతోనో కోపంతోనో స్పందించారు, కొన్నిసార్లు ఏడ్చేవాడినే కొట్టారు.

చికిత్స దిశ మారింది సెల్మా ఫ్రైబర్గ్ చేతిలో. ఆమె బృందం మిషిగన్‌లో పరిశీలించిన ఒక తల్లి, ఒళ్లో ఉన్న పసిపాప గుక్కపట్టి ఏడుస్తున్నా వినబడనట్టు ఎటో చూస్తూ కూర్చునేది. చిన్ననాడే తాను అనుభవించిన పరిత్యాగాన్ని ఇంటికి వచ్చిన చికిత్సకురాలి ఎదుట తలచుకుని ఏడ్చిన తర్వాతే, తన బిడ్డను దగ్గరికి తీసుకోగలిగింది. ఈ అనుభవాన్ని వివరించిన 1975 నాటి వ్యాసం చికిత్సను తల్లీబిడ్డల జంటకు చేయవలసిన పనిగా స్థిరపరచింది. దీని ఆధారంగా ఎదిగిన పద్ధతిని డాంటే సికెటీ బృందం రోచెస్టర్‌లో హింసకు గురైన శిశువులున్న కుటుంబాలపై పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది: మొదట్లో ఈ శిశువుల్లో దాదాపు అందరిదీ అవ్యవస్థిత అనుబంధమే కాగా, చికిత్స పొందినవారిలో సగానికి పైగా సురక్షిత అనుబంధానికి చేరారు, మామూలు సేవలు మాత్రమే అందినవారిలో మార్పు లేనట్టే. అదే పరీక్షలో పెంపక నైపుణ్యాలు నేర్పిన మరో వర్గం కుటుంబాల్లో కూడా ఇంచుమించు అంతే ఫలితం కనిపించింది కాబట్టి, గతాన్ని తవ్వడం ఒక్కటే మార్గమని చెప్పలేం.

ఇక మన దగ్గరికి వస్తే, భారతదేశపు 2015 బాలల న్యాయ చట్టం కుటుంబ బాధ్యతను మూలసూత్రాల్లో చేర్చి, బిడ్డను సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగా పేర్కొంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని బాలల సంక్షేమ సమితులు నడుచుకోవలసింది కూడా ఈ సూత్రం ప్రకారమే. అయితే బిడ్డను ఇంటికి పంపి, ఆ ఇంట్లోని బంధాన్ని చక్కదిద్దే మనిషిని పంపకపోతే ఈ సూత్రం కాగితం మీదే ఉండిపోతుంది.