నీరు కొంచెము, నేల విస్తారము

కడప మండలమందలి పోరుమామిళ్ళ చెఱువుకడ క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు వేయిమంది పనివాండ్రతో రెండేండ్లు ఆ చెఱువును కట్టించెనని అందు చెప్పబడినది. చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను లెక్కించుచు, నీరు కొంచెమై నేల విస్తారమగుట యొక దోషమని యా శాసనము తెల్పుచున్నది. అనంతపురసీమకు ఆ దోషము పుట్టుకతో వచ్చినది.

నైరుతి మేఘముల నీటిని పడమటి కనుమలు ముందే హరించును. ఈశాన్యపు వానలు తూర్పుతీరము దాటి యింతదూరము వచ్చునప్పటికి బలము తగ్గును. ఏటి సగటు వర్షము సుమారు 22 అంగుళములు మాత్రమే. 14వ శతాబ్దిలో బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు అనంతసాగరమును, బుక్కరాయసముద్రమును కట్టించెనని ప్రతీతి. కడలి కానరాని చోట చెఱువులకు సాగరమనియు, సముద్రమనియు పేరిడుటలోనే నాటివారి దాహము తెలియుచున్నది.

చెఱువు పాఱని మెట్టలలో రైతు వేఱొక యుపాయము కనుగొనెను. ఎఱ్ఱనేలలో మూడునెలలకే చేతికివచ్చు కొఱ్ఱను విత్తెను. తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతముల నల్లరేగడి వాన వెలిసిన పిదపను పదనును దాచుకొనును. చలికాలమున ఎండ తగ్గుటచే ఆ పదను త్వరగా ఆఱదు. దానితోనే సెనగ పండును. విత్తుట ఆలస్యమైనచో, గింజ కట్టకమునుపే శివరాత్రి వేడి సోకి పైరు వాడును. ఈ సీమలో చలి మెట్టరైతునకు తోడునీడ.

1876లో, ధాత సంవత్సరమున, రెండు ఋతువుల వానలును తప్పెను. చెఱువులు నిండలేదు, చలిపైరునకు పదను లేదు. ఉపాయములు రెండును ఒక్కసారిగా విఫలమగుటచే 1878 వఱకు సాగిన ఆ ధాతకఱవు మహాక్షామమైనది. నాడు బళ్ళారి జిల్లాలో భాగమైయున్న యీ సీమ 1882లో ప్రత్యేక జిల్లా యయ్యెను.

ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున వేరుసెనగ కొఱ్ఱపొలముల నాక్రమించి, ఒక దశలో ఏడు లక్షల హెక్టారులు మించెను. అమ్మిన వెంటనే రొక్కమిచ్చు పైరగుటచే రైతు దానిని నమ్మెను. కాని శ్రావణము దాటి విత్తినచో ఊడలు దిగునప్పటికి పదను చాలదు. గింజ ముదురునప్పటికి చలి యడ్డగించును. సెనగకు మేలుచేసిన చలియే దీనికి కీడు.

హంద్రీ–నీవా మూలమున 2012లో కృష్ణాజలములు జీడిపల్లి జలాశయమును చేరినవి. అయినను నీటికంటె నేలయే యెక్కువ. ఆ దోషమును పూర్తిగ మాన్పుట యెవరితరమును గాదు. చెఱువు పూడిక తీయుట, వంకలను దున్నక విడుచుట, ఒక్క పైరునే నమ్మకుండుట మాత్రము గ్రామస్థుల చేతిలోనివే.