వెల, విలువ, విడుదల పత్రం



ట్రాన్స్‌ఫర్ అనే మాట చెవిని పడగానే మావంటి బడిపంతుళ్లకు స్ఫురించేది వేసవి సెలవులు, జిల్లా కార్యాలయపు వరండా, చేతిలో నాలుగు మడతలు పడిన అర్జీ. నా తొలి బదిలీ ఉత్తర్వు వచ్చిన పిమ్మట కూడా నాటి మా ప్రధానోపాధ్యాయులు "మీరు పోతే పదో తరగతికి తెలుగెవరు చెబుతారండీ?" అంటూ నెలన్నర దాకా రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం చేయలేదు. అది నాపై గౌరవమో, నిర్బంధమో ఆనాడు తేల్చుకోలేకపోయాను. ఫుట్‌బాల్ ఆటగాళ్ల బదిలీల చరిత్ర చదువుతుండగా ఆ సంతకం మళ్లీ జ్ఞాపకం వచ్చింది. ఆ చరిత్ర యావత్తూ ఒక సంతకం చుట్టూ తిరిగినదే.

వెల, విలువ రెండూ ఒకటి కావు. విలువ వస్తువులో ఉంటుంది. వెల దానిని అట్టిపెట్టుకున్నవాని పట్టులో ఉంటుంది. ఈ భేదం ఫుట్‌బాల్‌లో కనిపించినంత స్పష్టంగా వేరొకచోట నాకు కనబడలేదు.

ఇంగ్లండులో డబ్బు తీసుకొని ఆడటాన్ని 1885లో ఫుట్‌బాల్ సంఘం అనుమతించింది. 1888లో పన్నెండు క్లబ్బులతో లీగు ఏర్పడింది. ధనిక క్లబ్బులు ఏటేటా మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోతే చిన్న క్లబ్బులు బ్రతకలేవన్న భయంతో 1893లో ఒక కట్టడి పెట్టారు. ఒప్పందపు గడువు తీరినా సరే, పాత క్లబ్బు విడిచిపెడితే తప్ప ఆటగాడు లీగులోని మరో క్లబ్బుకు ఆడరాదు. మళ్లీ సంతకం పెట్టనన్నవానికి జీతమూ ఉండదు, విడుదలా ఉండదు. దీనికి తోడు 1901 నుండి వారానికి నాలుగు పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నియమం వచ్చింది.

వెల పుట్టినది ఇక్కడే. అమ్ముడయ్యేది మనిషి కాదు, అతని పేరు నమోదైన కాగితం మాత్రమే అని పెద్దలు సమాధానం చెప్పేవారు. ఆ కాగితం లేనిదే అతని కాలు బంతిని తాకరాదు. 1905 ఫిబ్రవరిలో మిడిల్స్‌బరో క్లబ్బు సండర్లాండ్ నుండి ఆల్ఫ్ కామన్ అనే ఆటగానిని వేయి పౌండ్లకు కొన్నది. మనిషికి వేయి పౌండ్లా అని దేశమంతా ముక్కున వేలు వేసుకున్నది. క్రింది తరగతికి జారిపోతున్న ఆ క్లబ్బుకు అతడు తొలి పందెంలోనే పెనాల్టీతో గెలుపు తెచ్చిపెట్టాడు. జట్టు పై తరగతిలో నిలిచింది. వేయి పౌండ్లు చేతులు మారినా, చట్టరీత్యా ఆటగాని జీతం మాత్రం ఆ నాలుగు పౌండ్ల హద్దు దాటరాదు. కాశీలో హరిశ్చంద్రుడు అమ్ముడుపోయినప్పుడు ఆ సొమ్ము అతని చేత నిలవలేదు, విశ్వామిత్రుని ఋణానికి పోయింది. కాని ఆ ఋణం అతడు తాను ఒప్పుకున్నది. ఈ ఆటగాళ్లు ఎవరికి ఋణపడ్డారు?

ఈ ప్రశ్నను 1912లో కింగాబీ అనే ఆటగాడు ఆస్టన్ విల్లా క్లబ్బుపై న్యాయస్థానంలో వేసి ఓడిపోయాడు. మళ్లీ గట్టిగా అడిగినవాడు జార్జ్ ఈస్ట్‌హామ్. 1960లో న్యూకాసిల్ క్లబ్బు తనను విడువకపోగా, ఆయన ఆట మానుకొని సర్రే ప్రాంతానికి పోయి కార్కు అమ్మే ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడే క్లబ్బు మెత్తబడి 47,500 పౌండ్లకు ఆర్సెనల్‌కు ఇచ్చింది. తన పని నెరవేరినా ఈస్ట్‌హామ్ దావా విరమించుకోలేదు. 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, గడువు తీరిన మనిషిని ఇలా కట్టిపెట్టడం జీవనోపాధికి అన్యాయమైన అడ్డు అని తీర్పు చెప్పారు. గరిష్ఠ జీతపు నియమం అంతకు రెండేళ్ల ముందే, 1961లో, తొలగిపోయింది. వెల మాత్రం నిలిచే ఉంది.

దానిని కదిలించినవాడు బెల్జియం దేశస్థుడు ఝాన్ మార్క్ బోస్మన్. ఆయన కథలోని లెక్క ప్రతి బడిలోనూ చెప్పదగినది. లియేజ్ నగరపు క్లబ్బులో ఆయన నెల ఆదాయం సగటున 1,20,000 ఫ్రాంకులు. 1990లో గడువు తీరబోతుండగా క్లబ్బు నెలకు 30,000 ఇస్తామన్నది. నియమాల ప్రకారం అదే కనిష్ఠం. ఆయన కాదన్నాడు. అప్పుడు సంఘపు సూత్రం ప్రకారం, అనగా ఏడాది ఆదాయాన్ని వయస్సును బట్టి 14 నుండి 2 వరకు గల అంకెతో హెచ్చవేసి, ఆయనకు 1,17,43,000 ఫ్రాంకుల వెల కట్టారు. ఉంచుకోవడానికైతే నెలకు ముప్పైవేలు, వదులుకోవడానికైతే కోటీ పదిహేడు లక్షలు! ఆ జీతం మీద ముప్పైరెండేళ్లు పనిచేసినా అంత మొత్తం రాదు.

ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బు 12 లక్షల ఫ్రాంకులకు ఏడాదిపాటు తీసుకుంటానన్నది. ఆ క్లబ్బు సొమ్ము చెల్లించగలదా అన్న అనుమానంతో లియేజ్ బదిలీ ధ్రువపత్రం కోసం సంఘాన్ని అడుగనే లేదు. ఫీజు బకాయి ఉన్నదని బడివారు పిల్లవాని టీ.సీ. ఆపినట్లే అనుకోండి. బోస్మన్ ఐదేళ్లు పోరాడాడు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం, గడువు తీరిన ఆటగాడు సభ్యదేశాల మధ్య మరో క్లబ్బుకు పోవడానికి వెల అడుగరాదని తీర్పిచ్చింది. అప్పటికి ఆయన ఆట వయస్సు కరిగిపోయింది. ఆయన తెరిచిన తలుపులోంచి ఇతరులు నడిచారు.

నాటి నుండి క్లబ్బుల లెక్క మారింది. ఆటగాని నైపుణ్యం, వయస్సు, గాయాల చరిత్ర చూస్తారు గాని, అన్నిటికన్న ముందు అడిగేది ఒప్పందం ఇంకెన్నేళ్లున్నదని. చెల్లించిన వెలను పద్దుల్లో ఆ ఏళ్లమీద పంచి వ్రాస్తారు. ఐదేళ్ల ఒప్పందమైతే ఏటా అయిదో వంతు తరుగుతుంది. తమ ఇంట పెరిగిన పిల్లవానికి పద్దులో వెల సున్న. అందుచేత అతనిని అమ్మితే వచ్చినదంతా లాభమే. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు బార్సిలోనాకు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించింది. అదే పారిస్ క్లబ్బు సుమారు 18 కోట్ల యూరోలు పోసి తెచ్చుకున్న ఎంబాపే, గడువు తీరాక 2024లో రియల్ మాడ్రిడ్‌కు పోతే పారిస్‌కు బదిలీ రుసుము ఒక్క యూరో కూడా రాలేదు. ఆటగాని కాలిలో తగ్గినదేమీ లేదు. తగ్గినది కాగితం మీది గడువు. వెల కట్టేది ప్రతిభకంటే ఎక్కువగా, అడ్డగించగల అధికారానికని దీనివల్ల తేటతెల్లమవుతున్నది.

అయితే ఎదుటి పక్షాన్నీ వినాలి. పిల్లవానికి పన్నెండో ఏట బంతి చేతికిచ్చి తీర్చిదిద్దిన చిన్న క్లబ్బు ఏమైపోవాలి? ఈ చింత న్యాయస్థానం కూడా కాదనలేదు. 2001 నియమాలలో ఫీఫా దీనికొక దారి చూపింది. గడువు లోపల దేశాంతర క్లబ్బుకు అమ్ముడైతే, ఆ వెలలో 5 శాతం, అతనికి 12 నుండి 23 ఏళ్ల నడుమ శిక్షణనిచ్చిన క్లబ్బులకు చెందుతుంది. ఇది చదివినప్పుడు ముప్పైయేళ్లు పాఠాలు చెప్పినవానిగా నాకు సంతోషం కలిగింది. అట్టిపెట్టుకునే హక్కు వేరు, నేర్పినందుకు దక్కే గుర్తింపు వేరు. నూరేళ్ల పైచిలుకు ఆ రెంటినీ కలగలిపి, మనుష్యుల అన్నం మీద పెత్తనం చేశారు.

మా ప్రధానోపాధ్యాయులు చివరకు సంతకం పెట్టారు. పెడుతూ, "మీ విలువ తెలిసే ఆపానండీ" అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కాని నా విలువ తెలిసినవారు మొదటి రోజునే సంతకం పెట్టి ఉంటే, ఆ విలువ నాకూ తెలిసేది.

స్వస్తి.