పంజరపు చిలుక – వృద్ధాప్యం: దీర్ఘాయువుగల పెంపుడు పక్షి చరిత్రపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పిల్లలు దూరమైన ఇంట్లో వృద్ధాప్యంలో ఉన్న తల్లి గాని, తండ్రి గాని ఒక చిలుకను పెంచుకోవాలని కోరుకోవడం సామాన్యంగా కనిపించే కోరికే. అయితే చిలుక జాతి పక్షులు దశాబ్దాలపాటు జీవిస్తాయి. పెంచినవారు గతించిన తరువాత పక్షి మిగిలి ఉంటే దాని సంరక్షణ ఎవరిది? ఈ ప్రశ్నను ప్రాచీన భారతీయ వాఙ్మయం, తెలుగు కథాసంప్రదాయం, పాశ్చాత్య చారిత్రక ఉదాహరణలు, వర్తమాన భారతీయ చట్టాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చిలుక విషయంలో మన సంప్రదాయం ప్రధానంగా 'చెర' గురించి ఆలోచించిందనీ, 'వారసత్వం' అన్న సమస్య సుదూర దేశాల పక్షుల రాకతో తీవ్రమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిలుక, శుకసప్తతి, కాదంబరి, రామదాసు, వృద్ధాప్యం, వన్యప్రాణి సంరక్షణ చట్టం, సంరక్షణ బాధ్యత.

1. ఉపోద్ఘాతం:

మనిషి చేరదీసిన జీవులలో కుక్క, పిల్లి, ఆవు సాధారణంగా మనిషికంటే ముందే కన్నుమూస్తాయి. వాటిని పెంచినవారికి కలిగేది వియోగదుఃఖం. చిలుక విషయంలో ఈ క్రమం తారుమారు కావచ్చు. మన రామచిలుక పంజరంలో మంచి పోషణ లభిస్తే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. ఆఫ్రికా బూడిదరంగు చిలుక నలభై ఏళ్లు దాటి జీవించగలదు. పెద్ద మకావ్‌లు, కాకతువ్వలు యాభై దాటిన సందర్భాలూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ల వ్యక్తి ఇంటికి తెచ్చుకున్న చిలుకపిల్ల, ఆ వ్యక్తి పిల్లలు వృద్ధులయ్యే నాటికి కూడా జీవించి ఉండవచ్చు. కాబట్టి అది ఒక వ్యక్తి కోరికగా మొదలై రెండు తరాల నిర్ణయంగా మారుతుంది.

2. ప్రాచీన భారతంలో శుకపోషణ:

చిలుకను మాట్లాడే పక్షిగా బయటి ప్రపంచానికి పరిచయం చేసింది భారతదేశమే అనడానికి గ్రీకు రచనలు సాక్ష్యం. క్రీ.పూ. 400 ప్రాంతంలో పారశీక ఆస్థానంలో వైద్యుడిగా ఉన్న క్టీసియస్, భారతీయుల భాష మాట్లాడే ఒక పక్షిని వర్ణించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజగృహంలో చిలుకలు, గోరింకలు ఉండాలని సూచిస్తూ, సర్పవిషం జాడ తగిలితే అవి అరుస్తాయని కారణం చెప్పింది. వాత్స్యాయనుడు అరవై నాలుగు కళలలో చిలుకలకు, గోరింకలకు పలుకులు నేర్పడాన్ని చేర్చాడు. అశోకుడు పట్టాభిషిక్తుడైన 26 ఏళ్లకు వేయించిన స్తంభశాసనంలో వధించరాని జీవుల జాబితా శుక, శారికలతోనే మొదలవుతుంది.

ఈ నాలుగు ఆధారాలలో చిలుక నాలుగు రూపాలలో కనిపిస్తుంది: వింత, కావలి, కళ, రక్షణీయ ప్రాణి. వీటిలో ఎక్కడా పక్షి ఆయుర్దాయం సమస్యగా ప్రస్తావనకు రాలేదు. రాజగృహంలో పక్షి ఒక వ్యక్తిది కాదు, సంస్థది. రాజు మారినా దాసీజనం ఉంటారు, పంజరం ఉంటుంది, మేత ఉంటుంది. ఉమ్మడి కుటుంబపు ఇంట్లోనూ స్థితి ఇంచుమించు ఇదే. తాత పెంచిన చిలుకకు మనవడు జామపండు పెట్టడానికి ప్రత్యేకమైన ఒప్పందమేదీ అవసరం లేదు. వారసత్వ సమస్య లేకపోవడానికి కారణం పక్షి స్వభావం కాదు, ఇంటి నిర్మాణం.

3. తండ్రి, కొడుకు, చిలుక:

వృద్ధుడైన తండ్రికీ చిలుకకూ ఉన్న సంబంధం సంస్కృత కథాసాహిత్యంలో రెండు భిన్నమైన రీతులలో కనిపిస్తుంది. మొదటిది శుకసప్తతి. కొడుకు నడవడి చూసి కుమిలిపోతున్న ఒక వర్తకుడికి అతని బ్రాహ్మణ మిత్రుడు చిలుకను, దాని తోడుపక్షిని తెచ్చి ఇస్తాడు. తండ్రి మాట వినని కొడుకు చిలుక హితవు వింటాడు. ఆ కొడుకు వ్యాపారానికి దేశాంతరం వెళ్లిన తరువాత, ఇంట ఒంటరిగా మిగిలిన కోడలికి రాత్రికొక కథ చెప్పి కాపాడే భారం చిలుకదే. కథ బయటికి శృంగారప్రధానంగా కనిపించినా దాని చట్రం కుటుంబానికి సంబంధించినది. తండ్రికి ఉపశమనంగా వచ్చిన పక్షి తరువాతి తరానికి సంరక్షకురాలైంది.

ఈ కథ తెలుగునేలపై రెండు దారులలో ప్రవహించింది. పాలవేకరి కదిరీపతి తెలుగు శుకసప్తతి ఒక దారి. 1330లో నఖ్షబీ పారశీకంలో రచించిన తూతీనామా ద్వారా గోల్కొండకు చేరినది రెండవ దారి. అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థానకవి గవ్వాసీ 1639లో దానిని దక్కనీలోకి తెచ్చాడు. ఒకే చిలుక తెలుగు పద్యంలోనూ దక్కనీ మస్నవీలోనూ పలకడం దక్కను సంస్కృతీ చరిత్రలో గమనించదగ్గ విషయం.

రెండవది బాణుని కాదంబరి. శూద్రకుని కొలువులో వైశంపాయనమనే చిలుక తన పుట్టుకను తానే చెప్పుకుంటుంది. పుట్టగానే తల్లి పోయింది. ముదిమితో ఎగిరే శక్తి ఉడిగిన తండ్రి, ఇతర పక్షులు వదిలిన గింజలు ఏరి తెచ్చి దానిని సాకాడు. బూరుగుచెట్టు ఎక్కిన శబరుని చేతిలో ఆ ముసలి పక్షి హతమవుతుంది. తండ్రి రెక్కల కింద దాగిన పిల్ల ఎండుటాకులపై పడి బతుకుతుంది. ఇక్కడ వృద్ధాప్యం మనిషిది కాదు, పక్షిది. సంరక్షకుడు పోతే పసిప్రాణి స్థితి ఏమిటన్న ప్రశ్నను బాణుడు పక్షి పక్షాన నిలిచి వినిపించాడు. ఆ పిల్లకు జాబాలి ఆశ్రమం దొరికింది. అందరికీ అలాంటి ఆశ్రమం దొరుకుతుందన్న భరోసా మాత్రం లేదు.

4. తెలుగు సంప్రదాయంలో ఆయువు, చెర:

తెలుగు జానపద కథలో చిలుక ఆయుర్దాయానికే సంకేతం. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉన్న చిలుకలో ఉంటుంది. చిలుక ఉన్నంతకాలం అతనికి చావు లేదు. తత్త్వ సంప్రదాయంలో దేహం పంజరం, ప్రాణం చిలుక. మనిషి ప్రాణాన్ని చిలుకతో పోల్చుకునే ఈ అలవాటు, వృద్ధులు ఆ పక్షిపై పెంచుకునే మమకారాన్ని కొంతవరకు వివరిస్తుంది.

మరింత కీలకమైనది రామదాసు ఐతిహ్యం. భద్రాచల రామాలయ నిర్మాణానికి ప్రభుత్వ ధనం వినియోగించాడన్న అభియోగంపై కంచర్ల గోపన్న, అబుల్ హసన్ తానీషా కాలంలో గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆయన అనుభవించిన పన్నెండేళ్ల చెరకు జనశ్రుతి ఒక పూర్వజన్మ కారణం కల్పించింది: ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో బంధించినందువల్లనే ఆ ఫలం. ఈ కథకు చారిత్రక ప్రమాణం వెతకనక్కరలేదు. రామనామం పలికించడానికి పెంచిన చిలుకనైనా బంధిస్తే బాకీ పడినట్లేనని తెలుగు సమాజం ఏడాదికి ఏడాది లెక్కకట్టి చెప్పుకుందన్నదే ఇక్కడ చరిత్ర. భక్తుడికి కూడా ఆ లెక్కలో మినహాయింపు దొరకలేదు.

5. యజమానిని మించిన ఆయువు:

సముద్ర వాణిజ్యం విస్తరించాక ఆఫ్రికా, అమెరికా ఖండాల పెద్ద చిలుకలు ఐరోపా గృహాలకు చేరాయి. వారసత్వ ప్రశ్న అక్కడ స్పష్టరూపం పొందింది. రిచ్‌మండ్ డచెస్ ఫ్రాన్సిస్ స్టూవర్ట్ 1702లో మరణించింది. ఆమెతో నలభై ఏళ్లు జీవించినదిగా చెప్పే ఆఫ్రికా చిలుక, ఆమె పోయిన కొద్దిరోజులకే ప్రాణం విడిచిందని ప్రతీతి. దాని దేహాన్ని భద్రపరచి, ఆమె మైనపు ప్రతిమతోపాటు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉంచారు.

అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ తన భార్య రేచల్ కోసం ఒక చిలుకను తెప్పించాడని చెబుతారు. ఆమె 1828లో మరణించగా పక్షి ఆయన వద్ద మిగిలింది. 1845లో జాక్సన్ అంత్యక్రియలవేళ ఆ చిలుక బూతులు తిట్టడంతో దానిని బయటికి తీసుకుపోవలసి వచ్చిందని, అక్కడ ఉన్న ఒకరు తరువాత గుర్తుచేసుకున్నారు. ఈ ఉదంతాన్ని హాస్యంగా చెప్పడం పరిపాటి. ఇద్దరు యజమానులను కోల్పోయిన ప్రాణి, జనసమ్మర్దం మధ్య బెదిరిపోయి ఉండవచ్చునన్న కోణం మాత్రం ఆ కథనాలలో అరుదు. 1800లో ఒరినోకో నదీతీరాన మైపూరే వద్ద హంబోల్ట్ విన్న విషయం మరింత గాఢమైనది. అక్కడి ముసలి చిలుక మాటలు ఎవరికీ అర్థం కాకపోవడానికి కారణం, అది అంతరించిన అటూరే జాతి భాష మాట్లాడటమేనని స్థానికులు ఆయనకు చెప్పారు.

ఆధునిక కాలంలో నమోదైన ఆయుర్దాయాలలో షికాగో సమీపంలోని బ్రూక్‌ఫీల్డ్ జంతుప్రదర్శనశాలలో నివసించిన కుకీ అనే కాకతువ్వది ప్రముఖం. 1933లో పుట్టి, 2016లో 83 ఏళ్ల వయస్సులో అది మరణించింది. అది కూడా ఒక సంస్థ సంరక్షణలోనే అంతకాలం జీవించిందన్నది గమనార్హం.

6. వృద్ధులకు పక్షి చేసే మేలు, దాని పరిమితి:

వృద్ధుల కోరికను చాదస్తంగా తీసిపారేయడం సరికాదు. 1975లో మగ్‌ఫర్డ్, మకోమిస్కీ ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తొలి ప్రయత్నాలలో ఒకటి. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒంటరిగా జీవించే వృద్ధులలో కొందరికి పంజరంలో బడ్జెరిగార్ పక్షిని, కొందరికి బెగోనియా పూలకుండీని ఇచ్చి పరిశీలించారు. పక్షిని పొందినవారి మనఃస్థితిలోనూ, ఇతరుల పట్ల దృక్పథంలోనూ మెరుగుదల కనిపించింది. వచ్చిపోయేవారితో సంభాషణకు పక్షి ఒక విషయంగా మారింది. పరీక్షకు లోనైనవారు కొద్దిమందే అయినా ఈ అంశం విలువైనది. పక్షి మనిషికి బదులు కాలేదు, మనుషులను తిరిగి దగ్గర చేసింది.

అక్కడ ఎంచుకున్నది అల్పాయువుగల పక్షి అన్నది మరువరాదు. 1840లో జాన్ గూల్డ్ ఆస్ట్రేలియా నుండి ఇంగ్లండ్‌కు సజీవంగా తెచ్చిన బడ్జెరిగార్ సాధారణంగా అయిదు నుండి పదేళ్లు జీవిస్తుంది. మన పట్టణాలలో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఇవే. ఆరోగ్యపరమైన జాగ్రత్త కూడా అవసరం. 1929-30లో పలు దేశాలలో ప్రబలిన చిలుకజ్వరం, అంటే సిట్టకోసిస్, పక్షుల నుండి మనిషి ఊపిరితిత్తులకు సోకే వ్యాధి. వృద్ధులలో దాని తీవ్రత ఎక్కువ.

7. చట్టం మార్చిన ఇల్లు:

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1990-91లో భారతీయ పక్షుల వ్యాపారంపై వచ్చిన నిషేధం కలిసి రామచిలుకను ఇంటి వసారా నుండి చట్టం పరిధిలోకి తెచ్చాయి. 2022 సవరణ అనంతరం అది రెండవ షెడ్యూలులో ఉంది. చిన్ననాట ఇంట్లో చిలుకను చూసిన తరానికి ఇది నేరమన్న భావన సులభంగా కలగదు. తల్లి అడిగింది కదా అని హైదరాబాదు ముర్గీచౌక్ వంటి పక్షుల సంతలకు వెళ్లే సంతానం ఈ తేడాను తెలుసుకోవలసి ఉంది.

దేశీయ పక్షి స్థానంలోకి విదేశీ పక్షి వచ్చింది. ఆఫ్రికా బూడిద చిలుకను 2016లో జోహన్నెస్‌బర్గ్ సమావేశంలో అంతర్జాతీయ వ్యాపార ఒడంబడిక మొదటి అనుబంధంలో చేర్చారు. భారతదేశంలో అటువంటి పక్షుల యజమానులు వివరాలు నమోదు చేయాలని 2024 నియమాలు నిర్దేశించాయి. పక్షి చేతులు మారినా ఆ సంగతి ప్రభుత్వానికి తెలపాలి. చట్టం ఉద్దేశం వ్యాపార నియంత్రణే అయినా, యజమాని తరువాత ఎవరు అన్న ప్రశ్న ఇప్పుడు కాగితంపైకి వచ్చింది. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. ఉమ్మడి కుటుంబం సన్నగిల్లిన కాలంలోనే మునుపటికంటే దీర్ఘాయువుగల పక్షులు ఇంట చేరాయి. పక్షి ఆయుష్షు పెరిగింది, దానిని చూసుకునే చేతులు తగ్గాయి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, వృద్ధాప్యంలో పక్షిని కోరుకోవడం వెనుక ఉన్నది పలుకు కోసం తపన. శుకసప్తతిలోని వర్తకుడి ఇంట చిలుక మాట్లాడవలసి వచ్చింది కూడా తండ్రీకొడుకుల మధ్య మాట తెగినందువల్లనే. రెండు, రామదాసు ఐతిహ్యం గుర్తుచేసినట్లు, ఆ కోరిక తీర్చుకోవడంలో మరో ప్రాణి కాలం ఖర్చవుతుంది. మూడు, దీర్ఘాయువుగల పక్షిని తెచ్చే ముందు తదుపరి సంరక్షకుని సమ్మతి పొందడం అవసరం. సమ్మతించేవారు లేనప్పుడు అల్పాయువుగల పక్షి మేలు. అదీ వీలుకాకుంటే చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకలను పిలిచే పాత ఆచారం ఉంది. అందులో పంజరం లేదు, వారసత్వ సమస్యా లేదు.

అయితే అమ్మకు గాని నాన్నకు గాని పక్షిని తెచ్చి ఇవ్వడంతో సంతానం బాధ్యత తీరదు. చిలుక నేర్చుకునేది ఇంట్లో వినిపించే మాటలనే. ఆ ఇంట్లో మాట్లాడేవారు లేనప్పుడు చిలుక నేర్చుకోవడానికి కూడా ఏమీ ఉండదు.