సెలీనియం కడ్డీల చపలత్వం

సముద్రంలో తంతి కేబులు వేయుచున్నప్పుడు ఓడలోని వారిని ఒక భయం వదలదు. పైతొడుగులో ఎక్కడనైనా పగులు పడి విద్యుత్తు నీటిలోనికి పోవుచున్నదేమో! కేబులు అడుగుకు చేరిన పిమ్మట ఈ సంగతి తెలిసినచో దానిని మరల పైకి లాగుట సామాన్యమైన పని కాదు. కనుక కేబులు దిగుచున్నంతసేపు ఎడతెగక పరీక్ష జరుగవలెను. ఆ పరీక్ష చెడకుండ ఓడకు, తీరానికి మధ్య సంకేతాలు కూడ నడువవలెను. విలోబీ స్మిత్ అనే ఆంగ్లేయ విద్యుత్ నిపుణుడు ఇందుకొక పద్ధతి కల్పించినాడు. దానికి తీరపు కొసన మిక్కిలి హెచ్చు నిరోధం గల వస్తువు కావలసివచ్చినది. 1817లో బెర్జీలియస్ కనుగొన్న సెలీనియం అందుకు తగినదిగా తోచినది.

5 నుండి 10 సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరు మందం గల కడ్డీలకు రెండు కొసల ప్లాటినం తీగలు అమర్చి, గాజుగొట్టాలలో మూసినారు. నిరోధం కోరినంత ఉన్నది. కొన్ని కడ్డీలు 1400 మెగోములు చూపినవి. చిక్కంతా వేరొకచోట వచ్చినది. ఒకరు కొలిచిన విలువ మరొకరికి రాదు! ఇట్టి నిలుకడలేని వస్తువును నమ్మి కేబులు మంచిచెడ్డలు తేల్చుట ఎట్లు?

మరొకరైతే కడ్డీలను అవతల పారవేసి ఉందురు. స్మిత్ అట్లు చేయలేదు. జోసెఫ్ మే అనే సహాయకునితో కలిసి కారణం వెదకినాడు. కడ్డీని జారుడుమూత గల పెట్టెలో ఉంచినారు. మూత వేసినప్పుడు నిరోధం అత్యధికం. మూత తీయగానే వాహకత, వెలుతురును బట్టి, 15 నుండి 100 శాతం వరకు పెరిగినది. కొన్ని అడుగుల దూరాన ఉన్న గ్యాసుదీపానికి చేయి అడ్డుపెట్టినంత మాత్రాన నిరోధం 15-20 శాతం హెచ్చినది.

ఇది వేడివలన కాదు గదా? కడ్డీని నీటితొట్టిలో ఉంచి, అంగుళం లోతు నీటిగుండా వెలుతురు పోవునట్లు చేసినారు. ఫలితం మారలేదు. నీటిపై తొమ్మిది అంగుళాల ఎత్తున మెగ్నీషియం రిబ్బను వెలిగింపగా నిరోధం వెంటనే మూడింట రెండువంతులకు మించి పడిపోయి, అది ఆరగానే యథాస్థితికి వచ్చినది. 1873 ఫిబ్రవరి 4న స్మిత్ ఈ సంగతిని లాటిమర్ క్లార్క్‌కు లేఖగా వ్రాసినాడు. కాంతిశక్తి సోకి పదార్థంలోని ఎలక్ట్రానులు బంధాలు వీడునన్న వివరణ క్వాంటం సిద్ధాంతం తరువాతి మాట.

చీకటిపడగానే తనంతట వెలిగే దీపాన్ని కాడ్మియం సల్ఫైడు సెల్లుతో కట్టుకొనే నేటి ఔత్సాహికులకు కూడ ఆ పెట్టెమూతయే శరణ్యం. రిలే టకటక కొట్టుకొనుచు దీపం వెలిగి ఆరుచున్నచో ట్రాన్సిస్టరును మార్చుటకు తొందరపడరాదు. ముందుగా సెల్లును విడదీసి, ఓమ్ మీటరుకు కలిపి వ్రేలితో మూసి చూడవలెను. నిరోధం బాగుగా పెరిగినచో సెల్లు మంచిదే. అప్పుడు చూడవలసినది దీపం ఎక్కడ ఉన్నదని: తన దీపపు వెలుగే సెల్లుపై పడి, పగలని భ్రమింపజేసి, దీపాన్ని ఆర్పించుచున్నది! సెల్లుకు నల్లకాగితపు గొట్టం తొడిగి, దీపానికి పెడగా ఆకాశంవైపు త్రిప్పిన ఆ టకటక ఆగును.