సన్నని లైనుపై శాసన పుటలు: నెల్లూరు తీరచరిత్ర ఆధారాలు, స్థిర ఫైళ్ల పంపిణీ, వేగ పరిమితి

వ్యాససంగ్రహం:
నెల్లూరు తీరచరిత్రకు ఆధారమైన పాత ముద్రిత గ్రంథాల వంటివి ఇరవై ఒకటో శతాబ్ది తొలి దశకాలలో చిత్రరూపంలో అంతర్జాలానికి చేరాయి. ఆ చిత్రాలను ఎలా విభజించారు, సర్వరు వాటిని ఎంత వేగంతో పంపింది, పాఠకుని లైను సామర్థ్యం ఎంత అనే అంశాలే వాటి ఉపయోగాన్ని నిర్ణయించాయి. పుటకొక ఫైలు అనే పద్ధతి అసౌకర్యమని పరిశోధకులు భావించినా, పరిమిత వేగం ఉన్న కాలంలో అదే యుక్తమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నెల్లూరు శాసనాలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, స్థిర ఫైలు, వేగ పరిమితి, వెబ్ సర్వరు.

ఉపోద్ఘాతం:
నెల్లూరు తీరాన్ని గురించి పరిశోధించేవారికి ఆధారాలలో అధికభాగం నెల్లూరులో లభించదు. 1953 వరకు ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండటంవల్ల పాత ప్రభుత్వ పత్రాలు చెన్నై ఎగ్మూరులోని అభిలేఖాగారంలో ఉండిపోయాయి. దుగరాజపట్నం దగ్గర 1626 ప్రాంతంలో ఇంగ్లీషువారు నెలకొల్పిన ఆర్మగాన్ వర్తకస్థావరం వివరాలకు విలియం ఫాస్టర్ ప్రకటించిన కంపెనీ లేఖల సంపుటాలను చూడాలి. జిల్లా స్థితిగతులకు 1873లో వెలువడిన బాస్వెల్ మాన్యువల్, శాసనాలకు 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి మూడు భాగాలుగా ప్రచురించిన సంకలనం ముఖ్యమైనవి. ఇవన్నీ ఒక్కచోట ఉన్న గ్రంథాలయాలు అరుదు. కావలి, నెల్లూరు కళాశాలల అధ్యాపకులు తిరుపతికో, చెన్నైకో ప్రయాణం కట్టుకోవలసి వచ్చేది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరులో ఏర్పడినది 2008లోనే.

శాసన సంకలనాన్ని వాడే తీరు ఇక్కడ గమనించదగినది. అందులోని శాసనాలు తాలూకాలవారీగా అమరి ఉన్నాయి. పరిశోధకులు ఒక శాసనాన్ని తాలూకా పేరుతోను, వరుససంఖ్యతోను ఉటంకిస్తారు. కృష్ణపట్నం శాసనాన్ని సరిచూడదలచినవారికి కావలసినది గూడూరు తాలూకా విభాగంలోని రెండు మూడు పుటలు మాత్రమే. మూడు భాగాలూ కాదు. గ్రంథాలయంలో పుస్తకం తెరిచి ఆ పుట చూసుకోవడం నిమిషం పని. అంతర్జాలంలో మాత్రం ఆ గ్రంథాన్ని ఫైళ్లుగా ఎలా విభజించారన్నదానిని బట్టి అది నిమిషమో, పూటో అవుతుంది.

లైను సామర్థ్యం:
భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మహానగరాలలో మొదలైంది. టెలిఫోను తీగపై మోడెమ్‌తో కలిసే ఆ లైన్లలో సెకనుకు 28.8 కిలోబిట్లు రావడమే గొప్ప. 2004 అక్టోబరులో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల లైనును బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. 2013లో ఆ కనీసవేగం 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ప్రారంభించిన డేటావన్ సేవతో చిన్న పట్టణాలకూ ఈ లైన్లు క్రమంగా చేరాయి. అయితే వాటిలో చౌక పథకాలకు నెలవారీ డౌన్‌లోడ్ పరిమితి ఉండేది. కొన్ని పథకాలలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల వరకు లెక్కించేవారు కాదు. పెద్ద ఫైళ్లు కావలసినవారు కంప్యూటరును తెల్లవార్లూ నడవనిచ్చి నిద్రపోయే అలవాటు ఆ పథకాల ఫలితమే.

అంకెలలో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 500 పుటల గ్రంథంలో ఒక్కో పుట చిత్రం సగటున 60 కిలోబైట్లనుకుంటే మొత్తం 30 మెగాబైట్లు. 28.8 కిలోబిట్ల లైనుపై దానికి రెండుగంటల ఇరవై నిమిషాలు, 256 కిలోబిట్ల లైనుపై దాదాపు పదహారు నిమిషాలు పడుతుంది. ఇది లైను ఎక్కడా తెగకపోతేనే. కావలసిన నాలుగు పుటలే తెచ్చుకుంటే మొదటి లైనుపై నిమిషం పైచిలుకు, రెండోదానిపై ఎనిమిది సెకన్లు చాలు.

పుటకొక ఫైలు:
కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, చిత్తూరు జిల్లాలో జన్మించిన రాజ్ రెడ్డి ఆలోచనగా మొదలైన పదిలక్షల గ్రంథాల పథకంలో భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇందులో ప్రధాన భాగస్వాములు. తిరుమల తిరుపతి దేవస్థానాలు కూడా పాలుపంచుకున్నాయి. 2003 సెప్టెంబరు 8న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించారు. గ్రంథాలను అంగుళానికి 600 చుక్కల సాంద్రతతో, నలుపు తెలుపులలో, టిఫ్ రూపంలో స్కాన్ చేశారు. ప్రతి గ్రంథానికి ఒక సంచయం, అందులో ఎనిమిది అంకెల పేరుతో ప్రతి పుటకు ఒక ఫైలు ఉండేవి.

ఈ అమరిక పాఠకులకు రుచించలేదు. టిఫ్ చిత్రాన్ని చూపడానికి బ్రౌజరుకు ప్రత్యేకమైన ప్లగిన్ అవసరమయ్యేది. గ్రంథం మొత్తం కావలసినవారు వందల పుటలను ఒక్కొక్కటిగా దించుకొని కూర్చుకోవలసి వచ్చేది. ఆ పని కోసం ఔత్సాహికులు ప్రత్యేక ప్రోగ్రాములే రాశారు. ‘గ్రంథం ఇవ్వక పుటలు విసిరారు’ అనే అసంతృప్తి సహజమే. కాని ఆ అసంతృప్తి పుస్తక సేకర్తది. శాసనం సరిచూసుకునేవారిది కాదు. లైను తెగితే నష్టపోయేది ఒక్క పుట, మళ్లీ అడగవలసినదీ ఆ ఒక్క పుటనే. ఫైలులో మిగిలిన భాగాన్ని మాత్రమే అడిగే సదుపాయం 1997లో ప్రకటించిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలో ఉన్నప్పటికీ, దానిని ఉపయోగించుకోవడానికి డౌన్‌లోడ్ మేనేజరు అవసరమయ్యేది. పుటకొక ఫైలు పద్ధతిలో అది లేకుండానే పని సాగింది.

సర్వరు వైపు:
వేగ పరిమితి పాఠకుని లైనుకే కాదు, సర్వరుకూ ఉంటుంది. స్థిర ఫైలును పంపడంలో సర్వరు చేయవలసిన గణన ఏమీ లేదు. డిస్కు నుంచి తీసి తీగపైకి పంపడమే. అయినా ఆ కాలంలో విస్తృతంగా వాడిన అపాచీ సర్వరు సాధారణ అమరికలో ప్రతి పాఠకునికి ఒక ప్రాసెస్‌ను కేటాయించేది. అలాంటివి 150 ఉన్నాయనుకుంటే, 256 కిలోబిట్ల లైన్లపై 150 మంది 30 మెగాబైట్ల గ్రంథాన్ని అడిగినప్పుడు ఆ ప్రాసెస్‌లన్నీ పదహారు నిమిషాలపాటు వారికే అంకితమవుతాయి. ఒక్క పుట కోసం వచ్చిన 151వ వ్యక్తి వేచి ఉండవలసిందే. అదే 150 మంది పుటలు అడిగితే ఒక్కొక్కరి వంతు రెండు సెకన్లలో ముగుస్తుంది.

ఇక్కడొక వైపరీత్యం ఉంది. అందరికీ న్యాయంగా పంచాలని ఒక్కొక్కరి వేగాన్ని తగ్గిస్తే, ఈ రకం సర్వరులో ప్రతి ప్రాసెస్ మరింతసేపు చిక్కుకుంటుంది. వరుస తగ్గకపోగా పెరుగుతుంది. ఒకే సర్వరు పదివేల మందికి ఏకకాలంలో ఎలా సేవ చేయగలదన్న ప్రశ్నను 1999లో డాన్ కెగెల్ లేవనెత్తడానికి నేపథ్యం ఇటువంటిదే. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎంజినెక్స్ సర్వరు కొద్ది ప్రాసెస్‌లతోనే వేలాది కనెక్షన్లను నడిపింది. నిదానంగా పంపడం వల్ల సర్వరుకు పెద్ద భారం లేకుండా పోయింది. 2009లో అందులో చేరిన ఒక ఆదేశం ఫైలులోని తొలి భాగాన్ని పూర్తి వేగంతో పంపి, నిర్ణీత పరిమాణం దాటాకే వేగం తగ్గిస్తుంది. పుట కోరినవారికి పరిమితి సోకదు. సంపుటం కోరినవారు నెమ్మదిస్తారు. గ్రంథాలయ సంస్కారానికి ఇంతకన్నా దగ్గరైన సాంకేతిక నియమం మరొకటి కనిపించదు. అయితే ఈ పరిమితి కనెక్షనుకే వర్తిస్తుంది. పది కనెక్షన్లు తెరిచే డౌన్‌లోడ్ మేనేజరుకు పదింతల వేగం లభిస్తుంది. అందువల్ల కనెక్షన్ల సంఖ్యనూ విడిగా నియంత్రించవలసి ఉంటుంది.

తీరంలోనే మరో నిదర్శనం:
ఫైలును లైనుకు తగినట్లు కుదించడం చరిత్ర గ్రంథాలకే పరిమితం కాదు. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు లభించగల ప్రాంతాల సూచనలను మత్స్యకారులకు పటాలుగాను, స్థానిక భాషలలో పాఠంగాను అందిస్తోంది. దిక్కు, దూరం, లోతు, అక్షాంశ రేఖాంశాలు తెలిపే కొద్ది పంక్తులకు పటంతో పోలిస్తే అతి తక్కువ డేటా సరిపోతుంది. ఒడ్డు దాటి కొంతదూరం పోయాక ఫోను సంకేతమే అందదు. 2019 అక్టోబరులో విడుదలైన జెమిని పరికరం ఉపగ్రహ ప్రసారాన్ని అందుకొని పడవలోని ఫోనుకు చేరవేస్తుంది. అక్కడ అడిగి తెచ్చుకునే వీలే లేదు, పంపినది అందుకోవడమే. మైపాడు దగ్గర చేపలవేటకు వెళ్లేవారికైనా, ఆ తీరపు శాసనం వెదికేవారికైనా పెద్ద ఫైలు దూరపు ఫైలే.

సూచిక, స్థిర ఫైలు:
డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో నిజమైన లోపం పుటల విభజనలో కాక సూచికలో ఉంది. తెలుగు గ్రంథనామాలను రోమన్ లిపిలో, ఒక పద్ధతంటూ లేకుండా నమోదు చేయడంవల్ల ఒకే పేరు పలు రూపాలలో కనిపించేది. పేరు తెలిసినా గ్రంథం దొరకని సందర్భాలు తక్కువేమీ కావు. అన్వేషణ వ్యవస్థ నడుస్తూ ఉండాలి, మరమ్మతు పొందుతూ ఉండాలి. స్థిర ఫైలుకు ఆ అవసరం లేదు. చిరునామా తెలిస్తే చాలు, ఎవరైనా నకలు తీసి మరోచోట ఉంచవచ్చు. పాత సర్వర్లు మూతపడక ముందు జరిగినది అదే. 2017 ప్రాంతంలో 5 లక్షలకు పైగా గ్రంథాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. అక్కడ గ్రంథం ఒకే పీడీఎఫ్‌గానూ లభిస్తుంది, తెరపై పుటలవారీగానూ తెరుచుకుంటుంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో చౌకైన మొబైల్ డేటా మూలంగా 30 మెగాబైట్లు లెక్కలోకి రాని పరిమాణమయ్యాయి. నామదోషాలు మాత్రం గ్రంథాలతోపాటే తరలిపోయాయి. ఆ గ్రంథాల గుర్తింపు సంఖ్యలు నేటికీ ‘ఇన్, ఎర్నెట్, డీఎల్ఐ’ అనే మూడు మాటలతోనే మొదలవుతున్నాయి. అది మూతపడిన పాత సర్వరు పేరును తలకిందులుగా రాసిన రూపం.